ఉక్కు నగరంలో సాఫ్ట్‌వేర్ చదువు

ఇన్ఫర్మేషన్ టెక్నాలజీలో సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని ప్రత్యేక విషయంగా చదవదలచిన విద్యార్థికి ఢిల్లీ ఇస్తున్న హామీ ఏమిటి? 2024–25 విద్యాసంవత్సరం నుంచి బి.సి.ఎ. కోర్సులను అఖిల భారత సాంకేతిక విద్యామండలి తన పరిధిలోకి తెచ్చుకున్నది. బాగా నడుస్తున్న కళాశాలలకు సీట్ల పరిమితిని అదే ఏడు సడలించింది. పగ్గం ఒకచోట బిగించి మరొకచోట వదలడమే విధానమైతే, ఫలితం ఎవరిపై పడుతుందో పాలకులు ఆలోచించారా?

దీనికి సమాధానం రాజధానిలో కంటె జంషెడ్‌పూర్‌లోని సాక్చిలో వెదకడం మంచిదని నాకు తోస్తున్నది. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు సంస్థ తన కర్మాగారానికి ఎంచుకున్న పల్లె సాక్చి. 1912లో అక్కడ ఉక్కు ఉత్పత్తి మొదలైంది. 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఆ నగరంలో స్థిరపడ్డాయి. తండ్రికి కర్మాగారంలో కొలువున్నంత మాత్రాన కొడుకుకూ దొరుకుతుందన్న ధీమా నేడు లేదు. కనుకనే ఆ ఇళ్లలో కంప్యూటర్ చదువుపై అంత ఆశ.

ఆ ఊరికి ఈ విద్య పరాయిది కాదు. 1968లో ప్రారంభమైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ తొలినాళ్లలో చేపట్టిన పనుల్లో, ఆ ఉక్కు సంస్థకు పంచ్ కార్డుల సేవలందించడం ఒకటి.

అయితే ఒక ప్రోగ్రామింగ్ భాష నేర్వడం వేరు, సాఫ్ట్‌వేర్ నిర్మించడం వేరు. వాడేవారి అవసరాన్ని గ్రహించాలి, రూపకల్పన చేయాలి, రాసినదాన్ని పరీక్షించాలి, ఏళ్ల తరబడి సరిదిద్దుకుంటూ నడపాలి. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్ క్షుణ్ణంగా తెలియనిదే ఇది సాధ్యం కాదు. భాషలు మారిపోతాయి, ఈ పునాది నిలుస్తుంది. కృత్రిమ మేధ సాధారణ ప్రోగ్రాములను క్షణాల్లో రాసిపెడుతున్న ఈ రోజుల్లో, అందులోని తప్పొప్పులు తేల్చగలవానికే విలువ.

కాబట్టి మండలి ఆమోదపత్రాలు జారీచేసి ఊరుకోరాదు. అధ్యాపకులు ఎందరు, ప్రయోగశాలలో విద్యార్థి గడిపే గంటలెన్ని, చదువు ముగించినవారు ఏ పనిలో కుదిరారు అన్న వివరాలను కళాశాలవారీగా తనిఖీ చేసి ప్రకటించాలి. మన పార్లమెంటు సభ్యులు ఈ ప్రశ్నలను సభలో లేవనెత్తాలని కోరుతున్నాను. శిక్షణ లేనివాణ్ణి కొలిమి దగ్గర నిలబెట్టకూడదని ఎరిగిన కార్మికుడు, తన బిడ్డ చదువులోనూ అంతటి జాగ్రత్తను ఆశించడం అత్యాశ కాదు.