నిలువురాళ్ళకు ఊరే కాపు

కృష్ణానది తెలంగాణ గడ్డ మీద అడుగుపెట్టే చోట, నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో ముడుమాల్ అనే ఊరుంది. ఆ ఊరి చెలకల్లో సుమారు 80 ఎకరాల మేర రాళ్ళు నిలబడి ఉన్నాయి. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్ళు 80 దాకా, వాటి చుట్టుపక్కల నేలబారున వరుసలు తీరిన చిన్న రాళ్ళు 3000 దాకా ఉంటాయి. ఇవి 3500 నుంచి 4000 ఏళ్ళ నాటివని పరిశోధకుల అంచనా. ఊరివాళ్ళు వీటిని నిలురాళ్ళ తిమ్మప్ప అని పిలుస్తారు. శాపం తగిలి రాళ్ళయిపోయిన మనుషులని కథ చెబుతారు. ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు.

2025 మార్చిలో భారత ప్రభుత్వం ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కొత్తగా చేర్చిన ఆరు స్థలాల్లో ముడుమాల్ ఒకటి. అశోకుడి శాసన స్థలాలు, చౌసఠ్ యోగినీ ఆలయాలు, బుందేలా కోటలు ఉన్న వరుసలో పాలమూరు పల్లె ఒకటి నిలవడం తెలుగువారు గర్వించాల్సిన విషయం. జాబితాలో పేరు చేరిందంటే చూడవచ్చేవారు పెరుగుతారు. వారు రావాలి. అయితే ఊరిని పక్కకు నెట్టి వేసిన దారిలో కాకుండా, ఊరి చేతుల మీదుగా రావాలి. ఈ రాళ్ళను వేల ఏళ్ళు కాచింది ఊరే. ఆ కాపును జీతమిచ్చి, హక్కునిచ్చి నిలబెట్టిన తరువాతే సందర్శనకు తలుపులు బార్లా తెరవాలి.

ఎందుకంత జాగ్రత్త అన్నది ఈ రాళ్ళ అమరికను చూస్తే తెలుస్తుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె. పుల్లారావు ముడుమాల్‌ను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఏటా సూర్యుడు ఉత్తరానికి, దక్షిణానికి జరిగి తిరుగుముఖం పట్టే రోజుల్లో కొన్ని రాళ్ళ వరుసలు సూర్యోదయ, సూర్యాస్తమయ దిక్కులకు సూటిగా కలుస్తాయని ఆయన తేల్చారు. ఒక రాతి మీద తొలిచిన చిన్న చిన్న గుంటల్లో సప్తర్షి మండలం ఆకారాన్ని గుర్తించారు. వానల రాకనూ విత్తనాల అదనునూ నమ్ముకుని బతికే జనానికి ఏడాదిలో ఏ రోజు ఎక్కడుందో తెలియడం ప్రాణావసరం. కాలాన్ని లెక్కగట్టే సాధనంగా ఈ మైదానాన్ని చూస్తే దాని విలువ ఒక్కో రాయిలో విడిగా లేదని అర్థమవుతుంది. విలువంతా రాయికీ రాయికీ మధ్య ఉన్న ఎడంలో, దిక్కులో ఉంది.

చూడవచ్చినవాళ్ళ కళ్ళు నిలువురాళ్ళ మీద పడతాయి. ఫొటోలు వాటి పక్కనే దిగుతారు. కాళ్ళ కింద ఉన్న అడుగెత్తు రాళ్ళు ఎవరి కంటికీ ఆనవు. కారు నిలపడానికి రెండు రాళ్ళు పక్కకు దొర్లించినా, పొయ్యి పెట్టుకోవడానికి మూడు తెచ్చుకున్నా, చదును చేసిన నేలలోంచి ఏరి గట్టు మీద పోసినా వరుస తెగిపోతుంది. తెగిన వరుస ఏ దిక్కు చూపిందో మళ్ళీ చెప్పగలవారుండరు. ఎత్తయిన రాయిని ఎత్తుకుపోవడానికి యంత్రం కావాలి. చిన్న రాయికి రెండు చేతులు చాలు. కనుక ముడుమాల్‌లో ముందుగా కాపాడవలసినవి చిన్న రాళ్ళే.

పాతకాలపు పెద్దరాళ్ళ కట్టడాల్లో నిలువురాళ్ళు ఒక రకం మాత్రమే. తెలుగు నేలంతటా అదే సంప్రదాయానికి చెందిన సమాధులు వేల సంఖ్యలో ఉన్నాయి. ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర దామరవాయి అడవిలో బల్లపరుపు రాళ్ళు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన రాతి గదులున్నాయి. అక్కడివాళ్ళు వాటిని రాకాసి గుళ్ళంటారు. చిత్తూరు వైపు అలాంటివే పాండవ గుళ్ళయ్యాయి. గుండ్రంగా బండలు పేర్చి, నడుమ గొయ్యిలో రాతి పెట్టె అమర్చి, ఎముకలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు, పూసలు పెట్టి పూడ్చిన వలయాలు మరికొన్ని. ఇంతేసి బండలు మనుషులు ఎత్తలేరని, రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారని జనం అనుకున్నారు. ఆ అనుకోవడమే చాలాకాలం రక్షణ అయింది. రాకాసి గుడిలో వేలు పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

భయం సడలిన చోట గుప్తనిధుల వేట మొదలైంది. సమాధి తవ్వితే బంగారం దొరుకుతుందన్న నమ్మకం ఎన్ని వలయాల నడుమ గోతులు పెట్టించిందో లెక్క లేదు. నిజానికి ఇనుప యుగపు సమాధిలో ఎక్కువగా దొరికేవి పగిలిన కుండలు, తుప్పు పట్టిన ఇనుము, పొడిబారిన ఎముకలు. ఏ కుండ ఏ వైపు ఉంది, ఎముకలు ఏ వరుసలో ఉన్నాయి, పైన ఎన్ని పొరల మట్టి ఉంది అన్నదే అక్కడి నిధి. పార దిగిన క్షణంలో అది పోతుంది.

ఊరికీ స్థలానికీ మధ్య బంధం తెగితే ఏమవుతుందో తెలుగువారికి అమరావతి కంటే పెద్ద పాఠం లేదు. అక్కడి మహాస్తూపం పూజ ఆగిపోయాక దీపాలదిన్నె అనే పేరుతో మట్టి దిబ్బగా మిగిలింది. పద్దెనిమిదో శతాబ్ది చివరలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కడుతున్నప్పుడు ఆ దిబ్బ రాతి గనిగా మారింది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఇరవై ఏళ్ళకు మళ్ళీ వచ్చి కొలతలు, చిత్రాలు తీయించేసరికి దిబ్బ నడిబొడ్డు చెరువుగా తవ్వి ఉంది. తరువాత మిగిలిన పలకలు చెల్లాచెదరయ్యాయి. కొన్ని బందరు అంగడి కూడలికి అలంకారాలయ్యాయి, కొన్ని మద్రాసుకు, అక్కడి నుంచి లండనుకు ఓడెక్కాయి, కొన్ని కలకత్తా చేరి నేటికీ ఇండియన్ మ్యూజియంలో ఉన్నాయి. శిల్పాలు బతికాయి. దిబ్బ బతకలేదు.

ఆ మ్యూజియం నుంచి హుగ్లీ వెంట నైరుతి దిక్కుగా కొన్ని మైళ్ళు వెళితే మెటియాబ్రుజ్ వస్తుంది. మట్టి బురుజు అని అర్థం. తెలుగువారికి విడమర్చనక్కరలేని పేరు. పక్కనున్న గార్డెన్‌రీచ్ బెంగాల్ నాగపూర్ రైల్వేకు, ఆ తరువాత ఆగ్నేయ రైల్వేకు ముఖ్య కార్యాలయం. 2003లో తూర్పు తీర రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజను పాలన అక్కడి నుంచే సాగింది కాబట్టి, ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు గార్డెన్‌రీచ్ పరాయి పేరు కాదు. అక్కడ నిలువురాళ్ళు లేవు, రాకాసి గుళ్ళు లేవు. పేరునిచ్చిన మట్టి బురుజు కూడా ఇప్పుడు లేదు. అయినా పాత స్థలం ఎలా పోతుందో, ఎలా మిగులుతుందో ఆ పేట చెప్పినంత స్పష్టంగా చెప్పే చోట్లు అరుదు.

1856లో రాజ్యం పోగొట్టుకున్న అవధ్ నవాబు వాజిద్ అలీ షా కలకత్తా వచ్చి మెటియాబ్రుజ్‌లో స్థిరపడ్డాడు. సిపాయి తిరుగుబాటు కాలంలో ఫోర్ట్ విలియంలో బందీగా గడిపి, విడుదలయ్యాక మూడు దశాబ్దాల దాకా అక్కడే మరో లక్నోను నిర్మించుకున్నాడు. మేడలు, తోటలు, జంతుశాల, సంగీత నృత్యాల కొలువులతో నది ఒడ్డు ఒక రాజధానిలా వెలిగింది. 1887 సెప్టెంబరులో ఆయన కన్నుమూశాక ఆంగ్ల ప్రభుత్వం ఆ ఆస్తిని ముక్కలు చేసి అమ్మేసింది. భవనాలు దాదాపు అన్నీ నేలమట్టమయ్యాయి. నిలిచినవాటిలో ముఖ్యమైనది 1864లో కట్టిన సిబ్తైనాబాద్ ఇమాంబాడా. నవాబు సమాధి అందులోనే ఉంది. అది నిలవడానికి కారణం గోడల గట్టిదనం ఒక్కటే అయితే మేడలు కూడా నిలిచేవి. తెలుగువారు పీర్ల పండుగగా ఎరిగిన మొహర్రం నాడు అక్కడ మజ్లిసులనే సంతాప సభలు జరుగుతాయి, జనం వస్తారు, దీపం పెట్టేవారున్నారు. వాడుకలో ఉన్న గుమ్మానికి వేలంపాట గొంతు చేరలేదు.

ముప్పై ఏళ్ళలో కట్టిన నగరం కొద్దికాలంలోనే చెదిరిపోయింది. ఏ రాజూ కట్టించినట్టు ఆధారం లేని ముడుమాల్ వరుసలు మూడు వేల ఏళ్ళకు పైగా నిలిచాయి. అక్కడ మజ్లిసు చేసిన పనే ఇక్కడ ఎల్లమ్మ బోనం చేసింది. పరిశోధకులు రాకముందే, చట్టం పుట్టకముందే ఈ రాళ్ళకు ఒక పేరు, ఒక కథ, ఒక మొక్కు ఉన్నాయి. కథ శాస్త్రానికి నిలవకపోవచ్చు. కాని రాయిని రాయిగా మాత్రమే చూడనివ్వకుండా అడ్డుపడింది ఆ కథే. అధికారులు దాన్ని మూఢనమ్మకమని తుడిచిపెడితే కాపలాదారును తీసేసినట్టే.

నగరం చుట్టుముట్టిన చోట కథ కూడా కాపాడలేదు. సికిందరాబాదు బోయిన్‌పల్లి దగ్గర హస్మత్‌పేట సమాధి వలయాలను నిజాం కాలంలోనే తవ్వి పరిశీలించారు. నేడు అవి ఇళ్ళ నడుమ ఇరుక్కున్నాయి. అక్కడికొచ్చి స్థిరపడిన కొత్త జనానికి ఆ రాళ్ళతో చుట్టరికం లేదు, కలిపేవారూ లేకపోయారు. సంపన్న దేశాలకూ ఇది తప్పలేదు. ఫ్రాన్సులోని కార్నాక్‌లో 3000కు పైగా నిలువురాళ్ళున్నాయి; 2025 జులైలో ప్రపంచ వారసత్వ హోదా పొందాయి. దానికి రెండేళ్ళ ముందు అదే పరిసరాల్లో ఒక దుకాణం కట్టడానికి 39 చిన్న రాళ్ళను పెకలించేశారు. అక్కడా పోయినవి చిన్న రాళ్ళే. ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ 1915లో వేలంలో 6600 పౌండ్లకు అమ్ముడుపోయింది. కొన్న వ్యక్తి మూడేళ్ళకు దాన్ని జాతికి దానమిచ్చాడు. 1970ల చివరి నుంచి సందర్శకులను రాళ్ళ మధ్యకు వెళ్ళనివ్వకుండా దూరం నుంచే చూపుతున్నారు. ఆయనాంతాల నాడు మాత్రం జనాన్ని లోపలికి రానిస్తున్నారు. దూరం ఉంచడమూ దగ్గరకు పిలవడమూ రెండూ ఒకే స్థలంలో సాధ్యమేనని అది చూపింది.

చట్టాలకు కొదవ లేదు. 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత స్థలానికి 100 మీటర్ల లోపు కట్టడాలు నిషిద్ధం, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. తెలంగాణకు 2017 నాటి వారసత్వ చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు 1960 నాటి చట్టం ఉంది. కాని చట్టం రక్షిత జాబితాలో ఉన్నదాన్నే ఎరుగుతుంది. చెలక గట్టున పేరు లేకుండా పడి ఉన్న రాతి వలయం రెవెన్యూ రికార్డులో ఉట్టి సర్వే నంబరే. అందువల్ల మొదటి పని కొలత. రెండు రాష్ట్రాల్లోనూ నిలువురాళ్ళ, సమాధుల స్థలాలన్నిటినీ కొలిపించి, పహాణీల్లో, అడంగళ్ళలో వాటి ఉనికిని రాయించాలి. ముడుమాల్‌లో ప్రతి చిన్న రాయికీ సంఖ్య, స్థానం, ఫొటో ఉండాలి. రాయి మీద రంగుతో అంకె వేయకూడదు; పటంలో వేస్తే చాలు.

రెండోది కాపు. కాపలాదారులనూ, చూపించి చెప్పేవారినీ ఆ ఊరి యువతీయువకుల నుంచే తీసుకుని, ఏడాది పొడవునా జీతమివ్వాలి. ప్రవేశ రుసుము పెడితే అందులో నిర్ణీత భాగం పంచాయతీకి చెందాలి. రాళ్ళున్న భూముల రైతులకు పరిహారమో, ఏటేటా కౌలో ముందే చెల్లించాలి. నాగలి ఆపమని చెప్పి చేతులు దులుపుకుంటే రాళ్ళు రాత్రిపూట మాయమవుతాయి, తప్పు రైతుది కాదు. ప్రపంచ వారసత్వానికి పూర్తి ప్రతిపాదన పంపాలంటే తాత్కాలిక జాబితాలో కనీసం ఏడాది ఉండాలి, స్థల నిర్వహణకు ప్రణాళిక చూపాలి. ఆ ప్రణాళిక రాజధానిలో రాసి ఊరికి పంపేదిగా ఉండకూడదు. గ్రామసభలో తెలుగులో చదివి, ఊరి మాట చేర్చి పంపేదిగా ఉండాలి.

సందర్శన ఏర్పాట్లలో చేయకూడనివే ఎక్కువ. సిమెంటు బాటలు, రంగుల దీపాలు, ప్రవేశద్వారపు కమాను, రాళ్ళ నడుమ బెంచీలు అక్కడ అక్కరలేదు. రాత్రి చీకటి అక్కడి వారసత్వంలో భాగం. సప్తర్షులు కనబడని చోట సప్తర్షుల రాయిని చూపి ప్రయోజనం లేదు. వాహనాలను ఊరి దగ్గరే నిలిపివేయాలి. రాళ్ళ చెంతకు నడిచి వెళ్ళాలి, గుర్తు పెట్టిన కాలిబాట దాటకూడదు. జూన్, డిసెంబరు ఆయనాంతాల నాడు పరిమిత సంఖ్యలో ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికి, ముఖ్యంగా బడిపిల్లలకు, సూర్యోదయం చూపించే ఏర్పాటు ఉండాలి. హైదరాబాదు నుంచి బస్సులో వచ్చే బృందాన్ని గంటలో తిప్పి పంపే యాత్రలకు మాత్రం అనుమతి ఇవ్వకూడదు. ఎల్లమ్మకు మొక్కు చెల్లించే రోజుల్లో ఆ రాయి దగ్గర మొదటి హక్కు ఊరివాళ్ళది, బయటివారు ఆగాలి.