బాల్యం కూడా ఆస్తేనా?

2024 మే 19 తెల్లవారుజామున పుణేలో ఒక సంపన్నుని కుమారుడు, పదిహేడేళ్ళవాడు, నడుపుతున్నాడన్న కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. కొద్ది గంటల్లోనే ఆ కుర్రవానికి బెయిలు దొరికింది. మూడు వందల మాటల వ్యాసం రాయాలన్నది షరతుల్లో ఒకటి. ఆపైన రక్త నమూనా మార్చారన్న ఆరోపణపై వైద్యులు సైతం అరెస్టయ్యారు.

"వాణ్ణి పెద్దవాడిగానే విచారించాలి" అని నా తరగతిలో అభ్యుదయ భావాలుగల విద్యార్థులే పట్టుబట్టారు. వారి ఆగ్రహం నాకూ ఉంది. వారి కోరిక మాత్రం నాకు సమ్మతం కాదు.

ఈ కోరిక కొత్తది కాదు. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ ఘోరం తర్వాత దేశమంతా ఇదే అడిగింది. వయోపరిమితి తగ్గించవద్దని జస్టిస్ వర్మ సంఘం 2013లో స్పష్టంగా చెప్పింది. అయినా 2015 చట్టం పదహారు నిండినవారిని ఘోర నేరాలలో పెద్దలుగా విచారించేందుకు దారి తెరిచింది. ఘోర నేరమంటే కనీస శిక్ష ఏడేళ్ళకు తగ్గనిది.

మరి ఆ దారిన నడిచేదెవరు? మారణాయుధం పట్టి దారి దోచిన పేద కుర్రవానికి కనీస శిక్ష ఏడేళ్ళు. కనుక వాడు పెద్దవాడు కావచ్చు. కారుతో ప్రాణం తీసిన నేరానికి అంత కనీస శిక్ష లేదు. అటువంటిది ఘోర నేరం కాదని, ఢిల్లీలో 2016లో జరిగిన మరో కారు దుర్ఘటన కేసులో సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పుణే కుర్రవాణ్ణి పెద్దవాడిగా విచారించాలన్న పోలీసుల కోరికను బాల న్యాయమండలి 2025 జూలైలో తోసిపుచ్చింది. మన ఆగ్రహంతో పదునెక్కిన కత్తి చివరికి ఎవరి మెడమీద వాలుతుందో గ్రహించారా?

ఇది మనకు తెలియని కథా? 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాష్ట్రానికి పాకిన నేరస్థ జాతుల చట్టం స్టువర్టుపురం ఎరుకల బిడ్డకు బాల్యమే లేకుండా చేసింది. ఉయ్యాలలోని పసికందు మీద కూడా నేరస్థుడన్న ముద్రే. 1952లో చట్టం రద్దయింది. ముద్ర ఇంకా చెరగలేదు.

తప్పుచేసిన పిల్లవాడు మారగలడన్న సూత్రంలో దోషం లేదు. దాన్ని కలవారి సొత్తుగా మార్చుకోవటంలోనే ఉంది దోషం. రక్త నమూనా మార్చిన మాట నిజమైతే, ఆ పని చేసినవారూ చేయించినవారూ పెద్దలే; వారిని పెద్దలుగా శిక్షించండి. కుర్రవాణ్ణి బాలుడిగానే విచారించండి. అదే ఓపికతో, అదే నమ్మకంతో, చెత్తకుప్పల పక్కన పెరిగిన కుర్రవాణ్ణి కూడా విచారించండి. వాడికి పూచీ ఉండే మనిషి లేడు, వాదించే వకీలు లేడు, వెళ్ళటానికి బడి లేదు. ఆ మూడింటినీ ఇవ్వని రాజ్యానికి వాణ్ణి పెద్దవాడనే హక్కు ఎక్కడిది?

నా విద్యార్థులు ఇంకా నాతో ఏకీభవించలేదు. వాదం సాగుతూనే ఉంది, సాగాలి కూడా. కాని సంపన్నునికి సంకెళ్ళు అడిగే తొందరలో పేదవాని సంకెళ్ళు బిగించే పొరపాటు మాత్రం అభ్యుదయవాదులమైన మనం చేయరాదు.