ఒగ్గు డోలు – యూట్యూబ్ పాట

ప్రతి యేడూ ఏదో ఒక వేదిక మీద ఒక పెద్దమనిషి లేచి, "జానపదం చచ్చిపోతున్నది, దాన్ని బతికించుకోవలసిన బాధ్యత యువతరానిదే" అని ఆవేదన వెలిబుచ్చడం, యువతరమైన మనం చప్పట్లు కొట్టి టిఫిన్ల వైపు నడవడం ఆనవాయితీ అయిపోయింది. ఆ పెద్దల మీద నాకు గౌరవం లేకపోలేదు. కానీ ఆ మాట నిజం కాదేమోనని నా అనుమానం.

పాట ఎక్కడ చచ్చిపోయింది? స్టేషన్ ఘన్‌పూర్ నుంచి హనుమకొండకు వచ్చే పొద్దుటి బస్సు ఒక్కసారి ఎక్కి చూడండి. పది ఫోన్లలో పది పాటలు మోగుతుంటాయి. అందులో సినిమా పాటలు నాలుగుంటే, మిగిలినవి మన పల్లెల భాషలో, మన పల్లెల పిల్లలు కట్టి పాడినవే. 2025లో రామూ రాథోడ్ పాడిన "రాను బొంబైకి రాను" వెనుక సినిమా నిర్మాత ఎవరూ లేడు. అయినా అది కోట్లసార్లు మోగింది. హనుమకొండలోనూ కరీంనగర్‌లోనూ చిన్నచిన్న గదుల్లో స్టూడియోలు పెట్టుకొని, ఒక కీబోర్డు, ఒక మైకు, ఒక కంప్యూటరుతో పాటలు చేస్తున్న కుర్రాళ్లను చూస్తే నాకు ఈర్ష్యగా కూడా ఉంటుంది. మన యాసను సినిమాలో ఒకప్పుడు నవ్వించడానికో, రౌడీ నోటికో మాత్రమే వాడేవారు. ఈ పిల్లలు అదే యాసతో ప్రేమ చెప్పుకుంటున్నారు, అత్తింటి పోరు చెప్పుకుంటున్నారు. ఇది చిన్న సంగతి కాదు. దీన్ని చూసి ముఖం చిట్లించే పండితులతో నాకు పేచీ ఉన్నది.

కాబట్టి చచ్చిపోతున్నది పాట కాదు. పాట పాడి బతికిన మనిషి బతుకు పోతున్నది. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే మన సభల్లో కన్నీళ్లు ఒకచోట కారుతున్నాయి, నష్టం ఇంకొకచోట జరుగుతున్నది.

రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఈ నష్టం ఎక్కడ మొదలైందో వేరే చెప్పనక్కరలేదు. కల్లం దగ్గర మొదలైంది. వరి చేతితో కోసి, కల్లంలో కొట్టి, తూర్పారబట్టినంత కాలం వడ్లు కొన్నాళ్లపాటు ఊరి కళ్ల ముందు రాశిగా ఉండేవి. ఒగ్గువాళ్లు, చిందువాళ్లు, శారదకాండ్లు, బుడగ జంగాలు ఎవరికి వారు తమను పోషించే కులాల కల్లాల దగ్గరికి వచ్చి తమ వంతు వడ్లు అడిగేవారు. అది భిక్షం కాదు, హక్కు. ఏడాదికొకసారి కథ చెప్తారు, ఏడాదికొకసారి గింజలు తీసుకుంటారు. మా బాపు ఇప్పటికీ ఆ లెక్కలు చెప్తాడు. ఇప్పుడు కోత మిషను పొద్దున పొలంలో దిగితే మధ్యాహ్నానికి వడ్లు ట్రాక్టరులో పడతాయి, అక్కడి నుంచి కొనుగోలు కేంద్రానికి పోతాయి. పైసలు బ్యాంకులో పడతాయి. రైతుకే తన వడ్లు కళ్లారా చూసుకునే తీరిక లేనప్పుడు ఒగ్గు కళాకారుడు ఏ కల్లం దగ్గరికి పోవాలి? మిషను వద్దని నేననడం లేదు. కోత కూలీ లెక్క తెలిసినవాడెవడూ అట్లా అనడు. కాని, మిషను వచ్చిననాడు ఒక జీతం రద్దయిందని, దానికి బదులు ఎవరూ ఏమీ ఏర్పాటు చేయలేదని గుర్తించాలి గదా.

నాట్ల పాటల సంగతీ అంతే. ఇప్పుడు మన దిక్కు నాట్లు వేయడానికి బీహారు, బెంగాలు నుంచి కూలీలు వస్తున్నారు. వాళ్ల పాటలు వాళ్లకున్నాయి. మన ఆడవాళ్లు నాటేస్తున్న మడిలో కూడా ఒడ్డున ఫోను పెట్టి నాట్ల మీద కట్టిన యూట్యూబ్ పాట వింటూ నాటేస్తున్నారు. నాటేసేవాళ్లే, నాట్ల పాటను ఇంకెవరో పాడితే వింటున్నారు! నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ పాటలో నాటేసే అమ్మాయి చీరకు బురద మరక ఉండదన్నది వేరే విషయం.

ఇక రికార్డింగు సంగతికి వస్తాను. సైన్సు విద్యార్థిగా నాకు ఇక్కడ కొంచెం మాట్లాడే అర్హత ఉన్నదనుకుంటాను. ఒగ్గు కథ విన్నవారికి తెలుసు, అందులో వేగం స్థిరంగా ఉండదు. కథకుడు మాట చెప్తుంటే డోలు మెల్లగా నడుస్తుంది. పిల్లలు తూగుతున్నారని కనిపెడితే కథకుడు కన్ను గీటుతాడు, డోళ్లు లేస్తాయి, తాళాలు అందుకుంటాయి, నపీర కీచుమంటుంది. పడుకున్నవాడు లేచి కూర్చుంటాడు. అంటే ఆ వేగాన్ని నిర్ణయించేది సగం కళాకారుడు, సగం మనం. స్టూడియోలో ఏం జరుగుతుంది? గాయకుడి చెవిలో టిక్కు టిక్కుమని ఒక క్లిక్కు మోగుతుంటుంది. నిమిషానికి ఇన్ని దెబ్బలని ముందే నిర్ణయమైపోతుంది. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా అదే నడక. ఆ తర్వాత గొంతును కంప్యూటరులో పన్నెండు స్వరాల మెట్ల మీద సరిగ్గా కూర్చోబెడతారు. మన పల్లె గొంతు అందమంతా ఆ మెట్ల మధ్య జారడంలో ఉన్నది గదా, ఆ జారుడే పోతుంది. డోలు స్థానంలో ప్యాడు వస్తుంది. ఒక పాటకు వాడిన దెబ్బల వరుసే పది పాటలకు పని చేస్తుంది. డోలు కొట్టే నలుగురికి ఆ గదిలో కుర్చీయే ఉండదు.

పోనీ ఊళ్లో జరిగే కథనే ఫోనులో తీద్దామంటే అదీ ఒక చిక్కు. ఫోను మైకు పెద్ద ధ్వని రాగానే తనంతట తాను సున్నితత్వం తగ్గించుకుంటుంది. డోలు దెబ్బ పడినప్పుడల్లా కథకుడి గొంతు మునిగి మళ్లీ తేలుతుంది. ఇంక వినేటప్పుడు, ఫోను స్పీకరు అంత చిన్న పొర గాలిని తగినంత కదపలేదు గనుక డోలు అడుగు ధ్వని దాదాపు వినిపించదు. డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. అట్లాంటి వీడియో చూసి "గిదేం పాట" అన్న మిత్రుడిని నేను తప్పు పట్టను. అతడు డోలు వినలేదు. రెండు మైకులు వేరువేరుగా పెట్టి, ఒకటి గొంతుకు, ఒకటి డోళ్లకు కొంత దూరంలో ఉంచి తీస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. దీనికి లక్షలు అక్కరలేదు. మన కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివే మిత్రులు ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు.

అన్నిటికంటె నన్ను బాధించేది పేరు సంగతి. పాట కింద "రచన: జానపదం" అని రాస్తారు. జానపదం అనే ఆయన ఏ ఊరివాడో! 2021లో "లవ్ స్టోరీ" సినిమాలో "సారంగ దరియా" వచ్చినప్పుడు, అంతకు ముందే దాన్ని టీవీలో "రేలా రె రేలా" కార్యక్రమంలో పాడిన గాయని అభ్యంతరం చెప్పింది, పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది. ఎవరిది న్యాయమో తీర్పు చెప్పడం నా పని కాదు. కాని ఆ చర్చ అంతా సేకరించినవారు, రాసినవారు, పాడినవారి మధ్యనే తిరిగింది. అంతకు ముందు తరతరాలుగా దాన్ని పాడుకున్న ఆడవాళ్ల ప్రస్తావన తక్కువే. ఇది ఈనాటి జబ్బు కూడా కాదు. మన పాలకుర్తి సోమనాథుడు "పండితారాధ్య చరిత్ర"లో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని జనం పాటల పేర్లు ఎంతో ప్రేమగా చెప్పాడు. పదాల పేర్లు ఏడు వందల యేండ్లు దాటి మనదాకా వచ్చాయి. పాడినవాళ్ల పేర్లు రాలేదు. ఆయన దగ్గర రికార్డరు లేదు. మనకేం వచ్చింది? అందరి జేబుల్లోనూ ఉన్నది గదా. మా మండలానికి పక్కనే ఉన్న దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు 1950లలోనే పల్లెపాట మీద విశ్వవిద్యాలయ పరిశోధన చేసి, అది చదవదగ్గ విద్య అని నిరూపించారు. ఆ గాలి పీల్చినవాళ్లం మనం.

చట్టం కూడా కళాకారుడి వైపే ఉన్నదని చాలామందికి తెలియదు. కాపీరైటు చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద హక్కు వచ్చింది. ఇప్పుడది 50 ఏళ్ల పాటు ఉంటుంది. 2012 సవరణతో, దాన్ని వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ కూడా ఇవ్వాలి. ప్రదర్శకుడంటే ఎవరని ఆ చట్టంలో ఒక జాబితా ఉన్నది. గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు మాత్రమే కాదు, దొమ్మరి, పాములవాడు, చివరికి ఉపన్యాసం ఇచ్చేవాడు కూడా ఉన్నారు. (మన లెక్చరర్లు సంతోషించవచ్చు.) కాని కాగితం మీద హక్కు ఒకటి, చేతికి అందే పైస ఒకటి. యూట్యూబ్ నుంచి ప్రకటనల ఆదాయం రావాలంటే మామూలుగా ఛానలుకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ ఉండాలి. వచ్చిన డబ్బు ఛానలు ఎవరి పేరు మీద ఉంటే వారికి పోతుంది. పాటకింత అని ఒక్కసారి చేతిలో పెడితే పాడినవాడికి దానితో తెగతెంపులే. తర్వాత అది లక్ష సార్లు మోగినా కోటి సార్లు మోగినా ఒకటే.

కీర్తి వస్తే కడుపు నిండుతుందా అంటే అదీ అనుమానమే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాట సినిమాలో మోగింది. 2024లో ఆయన కూలి పనికి పోతున్నారని పత్రికల్లో చదివాం. మన వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు 2023లో "బలగం" సినిమా చివర పాడితే ఊళ్లకు ఊళ్లు తెరలు కట్టుకొని చూసి ఏడ్చాయి. మొగిలయ్య గారు అనారోగ్యంతో 2024 డిసెంబరులో పోయారు. ఒగ్గు కథను ఊరి పందిరి నుంచి రేడియోకు, పెద్ద వేదికలకు తీసుకుపోయిన చుక్క సత్తయ్య గారిది మన జనగామ జిల్లా మాణిక్యాపురమే. 2017లో కన్నుమూశారు. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారిది దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి. మన జిల్లాకు ఢిల్లీ దాకా పేరు తెచ్చిన ఈ ఇద్దరిలో ఒక్కరి పూర్తి రాత్రి కథనైనా మనలో ఎంతమందిమి కూర్చొని విన్నాం? ప్రభుత్వం 2014లో తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి దాదాపు 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చింది. మంచిదే. అయితే జీతం ఇచ్చేవారి పథకాల మీదనే పాట కట్టవలసి వచ్చినప్పుడు, పాటలో తిట్టు తగ్గి పొగడ్త పెరుగుతుంది. మన పాటకు ఉప్పూ కారమూ తిట్టులోనే ఉన్నవాయె.

పోయిన సంవత్సరం ఒక కళాశాల వార్షికోత్సవానికి వెళ్లాను. పేరెందుకు లెండి. మా దిక్కు నుంచి ఆరుగురు ఒగ్గు కళాకారులు డోళ్లు మోసుకొని వచ్చారు. ముఖ్య అతిథి వచ్చేదాకా పొద్దుపోవడానికి వాళ్లను ఎక్కించి, కారు గేటు దగ్గర కనబడగానే దింపేశారు. పది నిమిషాలైనా కాలేదు. ఒక్కొక్కరికి ఒక శాలువా, బస్సు చార్జీలు. ఆ రాత్రి డీజేకు మాత్రం సగం డబ్బు ముందే ఇచ్చి ఉన్నారు. వాళ్లు శాలువాలు సంచిలో పెట్టుకొని ఏమీ అనకుండా పోయారు. "మన సంస్కృతి" అని ఆనాడు వేదిక మీద ఎన్నిసార్లు అన్నారో నేను లెక్కపెట్టలేదు.

మన సంఘం అట్లా చేయకూడదని నా కోరిక. డీజే మానెయ్యమని నేననను, అంటే నన్ను హాస్టల్లో ఉండనివ్వరు. డీజేకు ఎంత ఇస్తున్నామో అంతే ఇచ్చి ఒక సాయంత్రం మొత్తం మన చుట్టుపక్కల కళాకారులకు కేటాయిద్దాం. డబ్బు ముందే మాట్లాడుకుందాం, శాలువా దానికి అదనం. పాతవాళ్లనే కాదు, యూట్యూబ్‌లో పాడే కుర్రాళ్లను కూడా పిలుద్దాం. కాని ట్రాకు పెట్టి పెదవులు కదపడం కాదు, అదే డోళ్ల మీద ఎదురుగా పాడాలి. వాళ్లకూ ఇది కావాలి. కోట్లమంది విన్న గొంతుకు ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూసి పాడే అవకాశం ఎన్నిసార్లు వస్తుంది? దాన్ని మనమే సరిగ్గా రికార్డు చేద్దాం. కథకుడి పేరు, వంతపాట పేరు, డోలు కొట్టిన ప్రతివాడి పేరు, ఊరు, ఆ కథ ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ గురువు పేరు రాద్దాం. ఛానలు వాళ్ల పేరు మీదనే తెరిపిద్దాం. వాళ్ల ఇంట్లో పదో తరగతి పిల్లలకు దాన్ని నడపడం మనకంటె బాగా వస్తుంది. ఒక ప్రతి మన గ్రంథాలయంలో, ఒకటి వరంగల్లులోని జానపద గిరిజన విజ్ఞాన పీఠంలో ఉండేటట్టు చూద్దాం.

విద్యార్థులు అంతసేపు కూర్చుంటారా అని కార్యవర్గ మిత్రుడొకరు నన్ను అడిగారు. సంక్రాంతి తర్వాత ఐనవోలు జాతరలో డోళ్లు లేచినప్పుడు ముందు వరుసలో ఎగిరేది ఎవరో ఆయన ఒకసారి చూసి రావాలి. సగం మంది మన తరగతివాళ్లే.

తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఒగ్గువాళ్లకు కొమురెల్లి మల్లన్న జాతర, వాళ్లకు నాలుగు రూకలు కనబడే రోజులవి. ఆ రోజుల్లో పిలవడం అన్యాయం. ఉగాది దాటిన తర్వాతైతే వస్తామన్నారు. మా చిల్పూర్ గుట్ట కింద కలిసిన ఒక వృద్ధ కళాకారుడితో ఈ సంగతి మాట్లాడాను. కుబేరుడి అప్పు తీర్చలేక బుగులుతో వచ్చి దాక్కున్నాడని చెప్పుకునే వేంకటేశ్వరుడున్న గుట్ట అది. అప్పుల సంగతి తెలిసిన దేవుడి ముందే డబ్బు బేరం కుదిరింది. ఆయన న్యాయంగానే అడిగాడు. "ఎంతసేపు చెప్పాలె బిడ్డా?" అన్నాడు. రెండు గంటలన్నాను.

"రెండు గంటల్ల బీరప్ప పుట్టుడు గూడ గాదు" అన్నాడు. కొంచెంసేపు ఆలోచించి, "సరే, పుట్టేదాక చెప్త. మిగిలింది మీరు మల్ల పిలిస్తే" అన్నాడు.