నడుమ కూచ్చో నాయనా!

గార్లదిన్నెలో కూర్చుని తెరచాప పడవల గురించి రాయడమేమిటని నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి, ఫర్వాలేదు. వాన కోసం ఆకాశంకేసి చూసీ చూసీ మెడలు పట్టేసిన సీమ మాది. దేశంలో వాన తక్కువగా కురిసే జిల్లాల్లో మా అనంతపురమూ ఒకటని బళ్లో చదువుకున్నవాళ్లం. ఇక్కడ పడవంటే పిల్లలు నోటుపుస్తకం చింపి చేసేదే. అదీ వాన పడితేనే!

అయినా మాకూ ఒక చిన్న సముద్రం ఉంది. మా మండలంలోనే పెనకచెర్ల దగ్గరి మిడ్ పెన్నార్ డ్యాం. మా వాడుకలో ఎంపీఆర్ డ్యాం. పేరు పెన్నమ్మది, నీళ్లు చాలావరకు తుంగభద్రవి. హెచ్చెల్సీ కాలువ పట్టుకుని అంత దూరం నడిచొస్తాయి. డ్యాంలో నీళ్లున్న రోజుల్లో చేపలు పట్టేవాళ్ల పుట్టిలు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే ఎవరో పెద్ద గంపల్ని నీళ్లమీద వదిలేసినట్టుంటుంది.

ఒక సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు నుంచి మా చెల్లెలి కుటుంబం వచ్చింది. అందరం కలిసి డ్యాం చూడ్డానికి వెళ్లాం. పిల్లాజెల్లా పదకొండు మందిమి. పుట్టి కనబడగానే పిల్లలు ఎక్కుతామని గొడవ. ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన్ని బతిమాలాం. ఆయన మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి ‘‘ఒకతూరికి నలుగురే. మళ్లీ వచ్చి తక్కినోళ్లను తీస్కపోతా’’ అన్నాడు.

‘‘అంత పెద్ద పుట్టికి నలుగురేనా? డబ్బులెక్కువిస్తాం’’ అన్నాడు మా బావ.

‘‘డబ్బులు నీళ్లమీద తేలవు సామీ’’ అన్నాడాయన.

నలుగురం ఎక్కాం. నేను ఫొటో తీద్దామని లేచానో లేదో, పుట్టి ఒక పక్కకు ఒరిగింది. ‘‘నిలబడద్దప్పా! నడుమ కూచ్చో, గమ్మునుండు!’’ అని గట్టిగా కసిరాడు. వయసులో పెద్దవాణ్ని, పదిమందిలో కసిరేసరికి మనసు చివుక్కుమంది. ఒడ్డుకు చేరేదాకా మొహం ముడుచుకునే కూర్చున్నాను. మా మేనల్లుడు మాత్రం ‘‘మామయ్యా, హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు అంత ఒరిగినా పడిపోవు కదా, ఇదెందుకిలా?’’ అన్నాడు. జవాబు తెలీదు. తెలీదని ఒప్పుకోలేక ‘‘అవి వేరు, ఇవి వేరు’’ అన్నాను. ఎందుకు వేరో తెలుసుకోవడానికి తర్వాత చాలారోజులు చదవాల్సి వచ్చింది. ఆ కథే ఈ ఆదివారం మీకు.

బకెట్లో శాస్త్రం

ముందు ఒక బకెట్ నిండా నీళ్లు, ఒక పొడుగాటి స్టీలు గ్లాసు, గుప్పెడు రూపాయి బిళ్లలు తెచ్చుకోండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఖాళీ గ్లాసును నిలువుగా నీళ్లమీద వదలండి. నిలబడదు. ఒక పక్కకు వాలి, నీళ్లు తాగి మునిగిపోతుంది. ఇప్పుడు అడుగున కొన్ని బిళ్లలు వేసి వదలండి. బుద్ధిమంతుడిలా నిటారుగా నిలబడుతుంది. వేలితో పక్కకు తోసినా మళ్లీ లేచి నిలబడుతుంది. అవే బిళ్లల్ని తీసి, గ్లాసు మీద మూత పెట్టి, మూతమీద పేర్చండి. బరువు అంతే. కానీ గ్లాసు వెంటనే తలకిందులు!

చివరగా బిళ్లలకు బదులు అంత బరువు నీళ్లు గ్లాసులో పోసి వదలండి. అటూ ఇటూ ఊగిసలాడుతుంది. గ్లాసు ఎటు ఒరిగితే లోపలి నీళ్లూ అటే పరుగెత్తి, ఒరిగేదాన్ని ఇంకాస్త ఒరగదోస్తాయి. పళ్లెంలో చారు పోసుకుని నడిచినవాళ్లకు ఈ సంగతి అనుభవమే.

పడవ బోల్తా పడకుండా ఉండే రహస్యం మొత్తం ఈ గ్లాసులోనే ఉంది. ప్రతి పడవ మీదా రెండు బలాలు పనిచేస్తాయి. పడవ బరువు కిందికి లాగుతుంది. నీరు పైకి తోస్తుంది. బరువంతా ఒక చోట కేంద్రీకరించినట్టు లెక్క వేస్తే అది బరువు కేంద్రం. నీరు తోసే తోపుడికీ అలాంటి కేంద్రం ఒకటుంది. పడవ ఒరిగినప్పుడు నీళ్లలో మునిగిన భాగం మారుతుంది కాబట్టి తోపుడు కేంద్రం ఒరిగిన పక్కకు జరుగుతుంది. అటునుంచి పైకి తోసి పడవను సరిచేస్తుంది. బరువు కేంద్రం ఎంత కిందుంటే ఈ సరిచేసే శక్తి అంత ఎక్కువ. బరువు పైకి చేరేకొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. ఒక హద్దు దాటాక అదే జోడీ పడవను బోల్తా కొట్టిస్తుంది. శనక్కట్టె ఎత్తుగా వేసిన ఎద్దులబండి గట్టు మలుపులో ఎందుకు పడుతుందో, ఇదీ అందుకే.

నిలకడ రెండు రకాలు

నిలకడ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వెడల్పు. మన పుట్టి అలాంటిది. అడుగు చదునుగా, వెడల్పుగా ఉంటుంది. మామూలుగా కదలదు, రాళ్లున్న లోతు తక్కువ నీళ్లలోనూ తిరుగుతుంది. విజయనగరానికి 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద జనం గుండ్రటి గంపల్లాంటి పడవల్లో దాటడం చూసి రాసుకున్నాడు. లోపల బెత్తం అల్లిక, బయట తోలు. పదిహేను ఇరవై మందినీ, గుర్రాల్నీ, ఎద్దుల్నీ కూడా దాటించేవట. అదే తుంగభద్ర నీళ్లమీద నేటికీ అవే పుట్టిలు!

కానీ వెడల్పు నిలకడకు ఒక హద్దుంది. పళ్లాన్ని నీళ్లమీద పెట్టి అంచు నొక్కి చూడండి. కొంతదాకా ఓర్చుకుంటుంది. అంచు నీళ్లను తాకిందో, ఇక అంతే. బోర్లా పడ్డ పళ్లెం దానంతట అది వెల్లకిలా తిరగదు.

రెండో దారి బరువు. తెరచాప పడవకు గాలి తగిలేది పైన ఎక్కడో స్తంభం మీద. ఏతాం కొయ్య చివర పట్టుకుని లాగినట్టు గాలి ఆ పొడుగాటి స్తంభాన్ని పక్కకు లాగుతుంది. ఆ లాగుడుకు కింద నుంచి సమాధానం చెప్పాలి. అందుకే పడవ అడుగున నీళ్లలోకి ఒక రెక్కలాంటిది దింపుతారు. దాన్నే కీల్ అంటారు. అందులో సీసమో ఇనుమో పోస్తారు. చాలా సముద్రపు పడవల్లో మొత్తం బరువులో మూడో వంతు దాకా ఈ కీల్‌దే. ఏతానికి వెనక కట్టిన రాయిలాంటిదే ఇది. ఎంత కిందికి ఉంటే అంత పని చేస్తుంది. కొన్నింటికి కీల్ కొసన గుమ్మడికాయలాంటి సీసపు ముద్ద వేలాడదీసేది అందుకే. కీల్ ఇంకో ఉపకారమూ చేస్తుంది. గాలికి పడవ పక్కకు జారిపోకుండా నీళ్లను పట్టుకుని ముందుకు నడిపిస్తుంది.

విచిత్రమేమిటంటే ఇలాంటి పడవ చిన్నగాలికే ఒరుగుతుంది. చూసేవాళ్లకు గుండె జారుతుంది. కానీ ఒరిగేకొద్దీ కీల్ పక్కకు లేచి, దాని బరువు పడవను అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. బాగా కట్టిన సముద్రపు పడవ పూర్తిగా పక్కకు పడుకున్నా లేస్తుంది. తంజావూరు బొమ్మలాగన్నమాట.

2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన నౌకాదళ మహిళలు గుర్తున్నారా? ఆరుగురిలో ఇద్దరు మన ఆడపిల్లలు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. వాళ్లను మోసిన ‘తారిణి’ 55 అడుగుల తెరచాప పడవ. పెనుగాలులకు పేరుమోసిన కేప్ హార్న్‌నూ దాటింది. అదే 2018లో సెప్టెంబరు 21న, దక్షిణ హిందూ మహాసముద్రంలో నౌకాదళ అధికారి అభిలాష్ టామీ ఒంటరిగా నడుపుతున్న ‘తురీయ’ తుపానులో దొర్లిపోయింది. స్తంభాలు విరిగాయి, ఆయన వెన్నుకు దెబ్బ తగిలింది. కానీ పడవ లేచి నిలబడింది. మూడు రోజుల తర్వాత రక్షకులు వచ్చేసరికి ఆయన ఆ పడవలోనే ప్రాణాలతో ఉన్నాడు.

మరి హుస్సేన్ సాగర్‌లో పిల్లలు నేర్చుకునే చిన్న పడవలో? వాటికి సీసం ఉండదు. అడుగున ఒక పలుచటి పలక మాత్రం దింపుతారు. బరువు కీల్ పని నడిపేవాళ్ల ఒళ్లే చేయాలి. గాలి వచ్చే పక్క అంచుమీద కూర్చుని వెనక్కి వాలతారు. అవి తిరగబడతాయి కూడా. తిరగబడితే ఆ పలకమీద నిలబడి పడవను లేపడం తొలి పాఠాల్లోనే నేర్పుతారు. లైఫ్ జాకెట్ లేకుండా నీళ్లమీదికి పంపరు. మా మేనల్లుడి ప్రశ్నకు అసలు జవాబు ఇదీ.

బలమున్నా బోల్తా

కీల్ ఉంది కదా అని ధీమా పనికిరాదు. స్వీడన్ రాజు కట్టించిన ‘వాసా’ యుద్ధనౌకలో 64 ఫిరంగులు. పైన బరువెక్కువ, అడుగున రాళ్ల బరువు చాల్లేదు. ముందే పరీక్షకని 30 మంది నావికుల్ని ఈ పక్కనుంచి ఆ పక్కకు పరుగెత్తించారు. ఓడ ఎంతగా ఊగిందంటే, పడిపోతుందని భయపడి పరీక్ష ఆపేశారు. ప్రయాణం మాత్రం ఆపలేదు! 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణంలోనే, రేవు దాటీ దాటకముందే మునిగింది.

అంతా పాతకాలం మాటనుకోకండి. 2024 ఆగస్టు 19న ఇటలీలోని సిసిలీ తీరాన లంగరు వేసి ఉన్న ‘బేయీజియన్’ అనే 56 మీటర్ల విలాస పడవ గాలివానకు మునిగి ఏడుగురు చనిపోయారు. దాని స్తంభమే డెబ్భై మీటర్లు దాటుతుంది. పైకీ కిందికీ జరిపే కీల్ ఆ రాత్రి పైకి లాగి ఉంది. లంగరు మీద ఉన్నప్పుడు అలా ఉంచడం నియమాలకు విరుద్ధం కాదు. కానీ ఆ స్థితిలో పక్కనుంచి గంటకు సుమారు 117 కిలోమీటర్లు దాటిన గాలి కొడితే పడవ బోల్తా పడే ప్రమాదం ఉందని బ్రిటన్ దర్యాప్తు సంస్థ 2025 మేలో తేల్చింది. పడవ నడిపేవాళ్లకిచ్చిన పుస్తకంలో ఆ మాట లేదు.

మన నీళ్లు, మన ప్రాణాలు

ఇంతదూరం వెళ్లి మళ్లీ మన జిల్లాకు రాక తప్పదు. 2017 ఏప్రిల్ 28న మా పక్కనే, గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజుచెరువులో పడవ తిరగబడి పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. అందులో చిన్నపిల్లలూ ఉన్నారు. సరదాగా షికారుకని ఎక్కినవాళ్లే. మోయగలిగినదానికన్నా ఎక్కువ మంది ఎక్కారని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అదే ఏడాది నవంబరు 12న కృష్ణమ్మ ఒడిలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ఎన్ని ఇళ్లలో దీపాలారిపోయాయో మీకు తెలుసు.

మా కరువుసీమలో ఈత రాని పిల్లలే ఎక్కువ. నిండిన చెరువు చూడటమే పండగ. ఆ సంబరంలో జాగ్రత్త గుర్తుకురాదు. అందుకే ఇంట్లో అందరూ చదువుకునేలా నాలుగు మాటలు. పుట్టికీ నాటుపడవకూ కీల్ ఉండదు. లోపల కూర్చున్న మన ఒళ్లే దాని బరువు. అడుగున కూర్చుంటే మనమే కీల్. లేచి నిలబడితే మూతమీది బిళ్లలం. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు జరిగితే గ్లాసులో నీళ్లం. పడవ అంచుకూ నీటికీ మధ్య జానెడు ఎడం కూడా లేకపోతే ఎక్కకండి. అడుగున నీళ్లు చేరుతుంటే తోడేదాకా కదలనివ్వకండి. లైఫ్ జాకెట్ లేదంటే ఒడ్డునే కూర్చుని మరమరాలు బజ్జీ తినండి. అదీ పండగే.

మొన్నామధ్య మళ్లీ డ్యాం దగ్గరికి వెళ్లాను. ఆ పెద్దాయన కనిపించాడు. నన్ను గుర్తుపట్టలేదు. ఆయన ఎదుట ఒక పెద్ద కుటుంబం, బేరం నడుస్తోంది. ‘‘ఇంతమందిమి కష్టపడి వచ్చాం, ఒక్కసారికి ఎక్కించుకో’’ అని వాళ్లు. ‘‘నలుగురే’’ అని ఆయన. వాళ్లలో ఒకాయన విసుగ్గా నావైపు తిరిగి ‘‘చూడండి సార్, ఎంత మొండివాడో!’’ అన్నాడు.

‘‘ఆయన మాట వినండి. నేను ఒకసారి వినక తిట్లు తిన్నా’’ అన్నాను.

పెద్దాయన వల విదిలిస్తూ నాకేసి చూసి నవ్వాడు. ఆ కుటుంబం నలుగురు నలుగురుగా ఎక్కింది. అందరూ నడుమ కూర్చున్నారు.