రాజరాజు మనకేమవుతాడు?

మొన్న చలికాలంలో డొంకరాయి వెళ్లాను. మా ఖాలా వాళ్లు అక్కడే ఉంటారు. ఖాలూ సీలేరు ప్రాజెక్టు పనికని వచ్చి, రిటైరైనా కొండ దిగలేదు. ఎనిమిదో తరగతి చదివే వాళ్ల మనవడు నేల మీద చార్టు పరుచుకుని రాజరాజ నరేంద్రుడి గురించి రాస్తున్నాడు. వాడి అబ్బా అటుగా పోతూ అన్నాడు: "వో ఉన్‌కీ తారీఖ్ హై బేటా. మార్కుల కోసం బట్టీ పట్టెయ్, చాలు."

ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఉర్దూ మీడియంలో చదివిన నేను డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే మా ఇంట్లో "ఉన్‌కీ జబాన్ హమ్‌కూ కాయ్‌కూ?" అన్నారు. కాలేజీలో చేరాక పక్క బెంచీవాడు "మీకెందుకు తెలుగు?" అన్నాడు. ఇంట్లోనూ బయటా ఒకటే సవాల్. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు రాసి బతుకుతున్నా ఆ సవాల్ ఇంకా తెగలేదు.

సరే, ఆ "వాళ్ల" రాజు ఎవరో చూద్దాం. రాజమహేంద్రవరం నుంచి వేంగి రాజ్యం ఏలాడు. 1022లో పట్టాభిషేకం. నన్నయతో భారతం మొదలుపెట్టించాడు. అందుకే తెలుగు అనగానే ఆయన పేరు చెబుతారు, చెప్పాల్సిందే. కానీ ఆయన అమ్మీ కుందవ తమిళ ఆడపడుచు, చోళ చక్రవర్తి రాజరాజు కూతురు. ఈయన పేరు కూడా నానా పేరే. బీవీ అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. తండ్రి వైపు ఖాందాన్ కన్నడ దేశపు బాదామి నుంచి వచ్చింది. 624 ప్రాంతంలో రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు ఇక్కడ పాలన మొదలుపెట్టాడు. చేతిలో పద్యం పట్టుకుని రాలేదు, కత్తి పట్టుకుని వచ్చారు. పిఠాపురం కోట గెలిచిన సంగతి ఐహొళె శాసనంలో చెక్కించుకున్నారు కూడా.

వాట్సాప్‌లో తిరిగే ఖిస్సా ఒకటుంది. ముసల్మానులు రాకముందు ఈ గడ్డ మీద అమన్ తప్ప ఇంకేమీ లేదట. రాజరాజు తఖ్త్ కోసం సవతి సోదరుడు ఏడో విజయాదిత్యుడితో బతుకంతా కొట్లాడాడు. ఈయన వెనక చోళులు, ఆయన వెనక కల్యాణి చాళుక్యులు. మధ్యలో కొన్నేళ్లు గద్దె పోయింది, మళ్లీ వచ్చింది. కలిదిండి దగ్గర జంగ్‌లో ముగ్గురు చోళ సేనానులు చనిపోతే, వాళ్ల జ్ఞాపకంగా శివాలయాలు కట్టించి రాజరాజే శాసనం వేయించాడు. సేనానుల పేర్లు శాసనంలో ఉన్నాయి. తొక్కుడుపడిన చేలు ఎవరివో అందులో లేదు. ఇరువైపులా ఒకే దేవుళ్లకు మొక్కేవాళ్లే. తఖ్త్ కోసం అన్నదమ్ములు కొట్టుకోవడం ఒక్క ఔరంగజేబు పేరు మీదే ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు.

మనవాళ్ల హకీకత్ ఒప్పుకునే సుల్తానుల సిపాయిలూ ఇక్కడికి పూలు పట్టుకుని రాలేదు. కోవెలలు కూలిన సంఘటనలున్నాయి. వాటిని దాచి మనం గెలిచేదేమీ లేదు.

నాకు ఎక్కువ కోపం మాత్రం మన మీదే. ఎవరైనా "మీది తెలుగు కాదు" అనగానే మనం ఇబ్రహీం కుతుబ్ షాను బయటికి తీస్తాం. మల్కిభరాముడు తెలుగు కవులను పోషించాడు, అమీన్‌ఖాన్ అచ్చ తెలుగు యయాతి చరిత్రను అంకితం తీసుకున్నాడు అని పాస్‌పోర్టులా చూపిస్తాం. రెండూ నిజాలే, నాకూ ఫఖ్ర్ ఉంది. కానీ చెక్‌పోస్టు పెట్టింది ఎవరు భాయ్? ఎందుకు ఆగి కాగితాలు చూపిస్తున్నాం?

లెక్క వేయండి. విష్ణువర్ధనుడి నుంచి రాజరాజు పట్టాభిషేకం దాకా నాలుగు వందల ఏళ్లు. అంతలో ఆ ఖాందాన్ తెలుగైపోయింది, ఎవరూ కాదనరు. రాజమండ్రి మసీదు ద్వారం మీది శాసనం 1324 నాటిది. మనకు ఏడు వందల ఏళ్లు. పైగా మనలో ఎక్కువమంది ఎక్కడినుంచో గుర్రమెక్కి వచ్చినవాళ్లం కాదు, ఇక్కడి చేనులో, మగ్గం ముందు, దూదేకుతూ కలిమా చదివినవాళ్ల ఔలాద్. మరి "ఉన్‌కీ తారీఖ్" అని మన నోటితో మనమే అంటే, గెంటేవాడికి పని తగ్గించినట్టే కదా.

నన్నయకు భారత రచనలో తోడైన నారాయణభట్టుకు నందంపూడి అగ్రహారం దానమిచ్చారు. కన్నడం, ప్రాకృతం కూడా వచ్చిన కవి ఆయన. ఐదు జబాన్లు తెలిసినవాడు తెలుగుకు పనికొచ్చాడు. రెండు జబాన్లు తెలిసిన మన పిల్లలు పనికిరారా?

ఆ రాత్రి చార్టు ముందు నేనూ కూర్చున్నాను. సీలేరు శబరిలో, శబరి గోదావరిలో కలిసి రాజమండ్రికి ఎలా పోతుందో గీసి చూపించాను. పక్కన రాజరాజు ఖాందాన్ రాశాం. అమ్మీ తమిళం, దాదాపర్‌దాదాలు కన్నడం అని వాడే వేలితో లెక్కపెట్టి, "అయితే ఇంట్లో ఏ జబాన్‌లో మాట్లాడేవాడు చాచా?" అన్నాడు.

రేపు క్లాసులో ఇదే అడగరా అన్నాను. చార్టు కింద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఆ సవాల్ రాసుకున్నాడు.