ఒక గుండె వెనుక ముప్ఫయి అయిదేళ్ళు

మన కళాశాలలో బి.జడ్.సి. చదివేవాళ్ళలో ఎవరిని కదిలించినా ఒకప్పుడు డాక్టరు కావాలనుకున్నవాళ్ళే. సీటు రాక ఇక్కడ చేరాం. అయినంత మాత్రాన డాక్టర్ల చదువు మనకెందుకని ఊరుకోవడం సరికాదు. రేపు వాళ్ళ కత్తికింద పడుకోవలసింది మనమూ, మనవాళ్ళే కదా! 2024లో మన మెదక్ లోనే యాభై సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కాబట్టి ఒక సర్జన్ ఎట్లా తయారవుతాడో ఆలోచించవలసిన బాధ్యత ఈ ఊరి విద్యార్థులకు ఇంకా ఎక్కువైంది.

ఒక తెలుగువాడి జీవితాన్నే తీసుకుందాం. పనంగిపల్లి వేణుగోపాల్ 1942లో రాజమండ్రిలో పుట్టారు. 1959లో ఢిల్లీలోని ఎయిమ్స్ లో ఎం.బి.బి.ఎస్.లో చేరారు. ఆ సంస్థ పుట్టి అప్పటికి మూడేళ్ళే. అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే డైరెక్టరు కూడా అయ్యారు. 1994 ఆగస్టు 3న మన దేశంలో మొట్టమొదటి విజయవంతమైన గుండె మార్పిడి చేసింది ఆయన బృందమే. 2024 అక్టోబరులో కన్నుమూశారు.

ఇటువంటి మనిషిని తలచుకున్నప్పుడల్లా అందరూ ఆ ఒక్క ఆగస్టు రోజునే చెప్తారు. నేను చెప్పదలచుకున్నది అది కాదు. 1959కీ 1994కీ మధ్య ఉన్న ముప్ఫయి అయిదేళ్ళను చూడమంటున్నాను. ఆ ఏళ్ళు లేకుండా ఆ రోజు లేదు.

అంత కాలం ఎందుకు పట్టిందనే ప్రశ్న వస్తుంది. ప్రపంచంలో మొదటి గుండె మార్పిడి 1967 డిసెంబరులో కేప్ టౌన్ లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేశాడు. రోగి పద్ధెనిమిది రోజులు బతికాడు. 1968 ఫిబ్రవరిలోనే బొంబాయిలో డాక్టర్ పి.కె. సేన్ ప్రయత్నించారు. రోగి కొద్ది గంటలే బతికాడు. అంటే మనవాళ్ళకు ధైర్యం కరువై కాదు. అడ్డుగోడలు రెండున్నాయి.

మొదటిది శరీరం. పరాయి అవయవాన్ని శత్రువుగా చూసి తిప్పికొట్టడం దాని స్వభావం. ఈ చిక్కువల్ల రోగులు వరుసగా చనిపోతుంటే చాలా దేశాల్లో సర్జన్లు గుండె మార్పిడి మానుకున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నార్మన్ షంవే అనే ఆచార్యుడు మాత్రం మానలేదు. ఆపరేషన్ పద్ధతిని ఏళ్ళ తరబడి కుక్కల మీద ప్రయోగాలు చేసి సిద్ధం చేసింది ఆయన బృందమే. మొదటి పేరు బర్నార్డ్ కు దక్కినా ఆయన తన పని తాను చేసుకుంటూ పోయాడు. 1980ల్లో సైక్లోస్పోరిన్ మందు వాడకంలోకి వచ్చాక గాని ఆ ఓపికకు ఫలితం దక్కలేదు.

రెండో గోడ చట్టం. మూత్రపిండమైతే బతికున్న మనిషి ఒకటి ఇవ్వగలడు. గుండె అట్లా కాదు. మెదడు పూర్తిగా చచ్చిపోయి, యంత్రం సాయంతో గుండె కొట్టుకుంటున్న మనిషి నుంచే తీయాలి. అటువంటి స్థితిని మరణంగా గుర్తించే చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికింది 1994 జూలైలో. నెల తిరక్కుండానే వేణుగోపాల్ ఆపరేషన్ చేశారు. నెలలోపల చెయ్యగలిగారంటే ఎన్నేళ్ళ నుంచి సిద్ధంగా కూర్చున్నారో ఊహించండి!

ఆ సిద్ధంగా కూర్చోవడాన్నే నేను ఆచార్యత్వం అంటాను. పొద్దున తరగతి, పగలు ఆపరేషన్, రాత్రి ప్రయోగశాల. ఫలితం ఎప్పుడొస్తుందో తెలియదు. పైగా ప్రభుత్వ కొలువులో చిక్కులు వేరే. 2007లో పార్లమెంటు చట్టం చేసి డైరెక్టరు పదవికి వయోపరిమితి పెడితే ఆయన దిగిపోవలసి వచ్చింది. 2008 మేలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే మళ్ళీ కూర్చున్నారు. ఇన్ని చూసీ ఆ సంస్థను వదిలిపెట్టలేదు.

"ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రులు బ్రహ్మాండంగా చేస్తున్నాయి గదా, ఈ పాత కథలెందుకు?" అని మిత్రులడుగుతారు. నిజమే, మన దేశంలో అవయవ మార్పిడులు ఎక్కువగా జరిగేది ప్రైవేటులోనే. వాళ్ళ నైపుణ్యాన్ని నేను కాదనను. కాని ఆ సర్జన్లలో ఎంతోమంది చేయి తిరిగింది ప్రభుత్వ కళాశాలల వార్డుల్లోనే. విత్తనాన్ని కాపాడుకోకుండా పంట బాగుందని సంబరపడే రైతు ఎవడైనా ఉంటాడా?

ఇందులో నాకు సొంత బాధ కూడా ఉంది. మా చిన్నాయనకు రెండు మూత్రపిండాలూ పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు డయాలసిస్. పట్నంలోని నిమ్స్ కేంద్రంగా 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్ జాబితాలో పేరుంది. రాత్రిపూట ఫోన్ మోగితే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటాం. మా నాయనమ్మ మాత్రం, "మంది చావు కోరుకుంటమా బిడ్డా?" అంటుంది. చిన్న మాట కాదది. నా జవాబు ఒక్కటే: చావు మనం కోరితే రాదు, వద్దంటే ఆగదు. వచ్చిన తర్వాత ఆ గుండె, ఆ మూత్రపిండాలు మట్టిపాలు కావాలా, ఇంకొకరిని నిలబెట్టాలా అన్నదే మన చేతిలో ఉంది.

"అవయవాల కోసం బతికున్నోణ్ణే చచ్చిండంటరేమో" అన్న భయం కూడా ఊళ్ళల్లో ఉంది. చట్టం ఈ భయాన్ని ముందే ఊహించింది. మెదడు మరణాన్ని నలుగురు డాక్టర్లు, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి చెప్పాలి. మార్పిడి చేసే సర్జన్ ఆ నలుగురిలో ఉండరాదు. ఎంత పేరున్నా సరే, ఆ గది బయటే ఆగాలి.

2021 ఫిబ్రవరిలో ఒక రైతు గుండెను హైదరాబాదు మెట్రో రైలులో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ కు చేర్చిన సంగతి పత్రికల్లో చదివే ఉంటారు. తీసిన గుండెను నాలుగు గంటల్లోపల అమర్చాలి మరి. రైలును, సర్జన్ ను అందరూ పొగిడారు. ఆ రైతు ఇంటివాళ్ళు అంతటి దుఃఖంలో తల ఊపకపోతే రైలెక్కడిది, సర్జన్ ఎక్కడ?

ఇక మన ఊరి సంగతి. మన చర్చి కట్టడానికి పదేళ్ళు పట్టిందని, 1924లో పూర్తయిందని గొప్పగా చెప్పుకుంటాం. ఒక గుండె సర్జన్ కు చదువే పదకొండేళ్ళు దాటుతుంది. ఎం.బి.బి.ఎస్. అయిదున్నర, ఎం.ఎస్. మూడు, ఎం.సిహెచ్. మూడు. అనుభవం ఆ తర్వాతి మాట. అందుకని వైద్య కళాశాల వచ్చిందని పటాకులు కాల్చి ఊరుకోవద్దు. ఆచార్యులు పూర్తిగా ఉన్నారా? ఉన్నవారు నిలుస్తున్నారా? రామాయంపేట, తూప్రాన్ మీదుగా పోయే రహదారిపై తలకు దెబ్బతగిలిన మనిషిని చూసుకోవడానికి ఇక్కడ సరైన ఏర్పాటుందా? ఈ ప్రశ్నలు విద్యార్థి సంఘం అడగాలి, ఏటేటా అడగాలి.

మిత్రులారా! డాక్టరు కాలేకపోయామన్న దిగులు వదలండి. అవయవదాన ప్రతిజ్ఞ మీద సంతకం చెయ్యండి. అంతటితో ఆగక, ఆ సంగతి ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పండి. ఎందుకంటే చివరికి అడిగేది వాళ్ళనే. ఆ ఒక్క మాట ముందే చెప్పుకున్న ఇల్లు ఎక్కడో వార్డులో ఏళ్ళ తరబడి చేయి తిప్పుకుంటున్న ఒక సర్జన్ చదువును సార్థకం చేస్తుంది.