ఆడపిల్లల దరఖాస్తుకు అడ్డుపడుతున్నది మనమే

మన చెన్నూరు నుంచి కడపకు, విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి రోజూ బస్సెక్కే అమ్మాయిలు కొందరు అక్కడ ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలని తలపెట్టారు. అన్ని మతాల పిల్లలూ అందులో ఉన్నారు. దరఖాస్తు సిద్ధమైంది. దానికి తల్లిదండ్రుల అంగీకార పత్రాలు జతచేయాలనుకున్నారు. హిందూ పిల్లల పత్రాలు వచ్చాయి. మన పిల్లలవి రాలేదు. మైనారిటీ హక్కులంటూ కలెక్టరు కచేరీ ముందు బైఠాయించే మనం, ఇంట్లో కూతురికి ఒక సంతకం పెట్టడానికి వెనుకాడుతున్నాం.

ముహల్లా పెద్దల మొదటి అభ్యంతరం దుస్తుల గురించి. అయ్యా, తలకప్పుతో ఆడవచ్చునని ఫుట్‌బాల్ నియమాల్లోనే 2014లో చేర్చారు. నిండు చేతుల చొక్కా, నిక్కరు కింద అదే రంగులో కాళ్లు కప్పే టైట్స్ వేసుకుంటే ఏ రిఫరీ బయటికి పంపడు. హజ్రత్ ఆయిషాతో ప్రవక్త (స) పరుగు పందెం వేసిన సంగతి హదీసుల్లో ఉన్నదే. జుమా ప్రసంగాల్లో అది ఎందుకో వినిపించదు.

రెండో అభ్యంతరం, ఆటలు కూడు పెడతాయా అని. గుమాస్తాగా ముప్పయ్యేళ్లు దస్త్రాలు మోసినవాణ్ణి కనుక దీనికి నేనే జవాబు చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో క్రీడాకారులను తీసుకునే పద్ధతి ఉంది. దేశానికో రాష్ట్రానికో ఆడినవారే కాదు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ విశ్వవిద్యాలయం తరఫున ఆడినవారు కూడా అందుకు అర్హులు. ఆ ధ్రువపత్రం మీద విశ్వవిద్యాలయ క్రీడాధికారి సంతకం ఉండాలి. క్లబ్బులో చేరినంత మాత్రాన ఆ కాగితం రాదు, నిజమే. కానీ రోజూ సాధన లేనిదే జట్టులో చోటు దొరకదు, జట్టులో చోటు లేనిదే ఆ కాగితం లేదు. రైల్వేలో ముస్లింలు నూటికి 4.5 మందేనని సచార్ కమిటీ 2006లో రాసింది. ఆ లెక్కను ప్రతి సభలోనూ వల్లిస్తాం. ఆ రైల్వేయే ఆటగాళ్లను పిలిచి ఉద్యోగమిస్తుంటే మన ఆడపిల్లను గుమ్మం దాటనివ్వం.

విద్యార్థుల క్లబ్బు అంటే చిన్నచూపు వద్దు. సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు ఉస్మానియాలో చదువుతూ విశ్వవిద్యాలయ జట్టుకు ఆడారు. ఆపైన అక్కడి పాత, కొత్త విద్యార్థులు కలిసి నడిపిన ఎలెవన్ హంటర్స్ జట్టులో ఆడారు. వృత్తికి బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది. ఆయన పేరు చెప్పి మీసం దువ్వుతాం. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ బాక్సింగులో ప్రపంచ విజేత అయినప్పుడు మిఠాయిలు పంచుకున్నాం. పక్కింటివాళ్ల కూతురు గెలిస్తే పండుగ, మన కూతురు ఆడతానంటే పరువు!

ఈ మాటలనే అర్హత నాకూ అంతగా లేదు. నా పెద్దమ్మాయి హైస్కూల్లో ఖోఖో బాగా ఆడేది. జిల్లా జట్టుకు ఎంపికైతే నేను ఫారం మీద సంతకం పెట్టలేదు. నలుగురూ ఏమంటారోనన్న భయం తప్ప నా దగ్గర మరో కారణం లేదు. ఆ ఫారం ఇప్పటికీ బీరువాలో, నా పింఛను కాగితాల కింద ఉంది. అమ్మాయి ఏనాడూ ఆ ప్రస్తావన తేలేదు.

విశ్వవిద్యాలయాన్ని అడగవలసినవి వేరే ఉన్నాయి: మహిళా శిక్షకురాలు, దుస్తులు మార్చుకునే గది, చివరి బస్సు అందేలా సాయంత్రం సాధన వేళలు. వాటి కోసం రిజిస్ట్రారు గారి వద్దకు నేనే వస్తాను, అర్జీ కూడా నేనే రాస్తాను. అయితే తండ్రుల సంతకాలు లేని దరఖాస్తు పట్టుకుని ఏ ముఖంతో వెళ్లను?

వచ్చే జుమా నమాజు తర్వాత మసీదు బయట వేపచెట్టు కింద అంగీకార పత్రాలతో కూర్చుంటాను. కలం నేనే తెస్తాను.